దెయ్యం ఉన్నట్టు ఏకగ్రీవ తీర్మానం

ప్రజలందరికీ సంతోషకరమైన వార్త. దెయ్యం ఉన్నట్టు విద్యామండలి వారు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈ తీర్మానం అన్ని దెయ్యాలకూ వర్తించదు. పదో తరగతి వాచకంలో చివరి పాఠంగా ఉన్న 'మూసిన కిటికీలు' అనే కథలోని దెయ్యానికి మాత్రమే వర్తిస్తుంది. తక్కిన దెయ్యాలు తమ ఉనికి విషయంలో ఎప్పటిలాగే ఎవరి ఏర్పాట్లు వారు చేసుకోవచ్చునని మండలి వారు ఉదారంగా సెలవిచ్చారు.

ఇంత చిక్కు వ్యవహారం ఇంత సాఫీగా తేలిందంటే దాని వెనక ఎందరో మహానుభావుల కృషి ఉంది. అడ్డం పడిందల్లా ఒకే ఒక్క మనిషి. ఆయన ఆ కథను ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతూ వచ్చిన మాస్టారు. ఊరంతా ఆయన్ని ఏమో మాస్టారు అంటుంది. పిల్లలైనా, పెద్దలైనా, ఏమడిగినా కళ్ళజోడు పైకి తోసుకుని, తల కాస్త పక్కకి వాల్చి, "ఏమో, చూద్దాం" అనడం ఆయన అలవాటు. రేపు బడికి వస్తున్నారా అని హెడ్మాస్టరు అడిగితే కూడా, "ఏమోనండీ, వద్దామనే ఉంది" అన్న ఘనుడు. ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

"పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏమో అన్నారు," అని ఆయన భార్య ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. "ఆ ఏమోకి అర్థం వెతుక్కుంటూనే నా సగం వయసు అయిపోయింది."

ఇక ఆ కథ సంగతి. మనలో చాలామంది దాన్ని చదివే పరీక్ష పాసయ్యాం కాబట్టి మరిచిపోయి ఉంటాం. ఒక పెద్ద ఇంట్లో ఒక ముసలాయన మంచాన పడతాడు. కాళ్ళు రావు, మాట రాదు, ఒక చెయ్యి మాత్రం ఆడుతుంది. భార్య పోయి చాలా కాలమైంది. ఆయన్ని చూసుకోవడానికి ఒక నర్సు వస్తుంది. కథంతా ఆ నర్సే చెబుతుంది. రోజూ పొద్దు వాలే వేళకి ఆ చచ్చిపోయిన భార్య వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటోందట. నర్సుకి తప్ప ఎవరికీ కనబడదు. ఆమె లేచి వెళ్ళాక కుర్చీ మీది గుడ్డ ముడతలు పడి ఉంటుందట. వంటమనిషిని పిలిచి కుర్చీ చూపిస్తే, "ఎవరున్నారమ్మా అక్కడ?" అంటుంది వంటమనిషి. చూసి కూడా చూడనట్టు నటిస్తోందని నర్సు తేల్చుకుంటుంది. ముసలాయన రోజూ ఆ ఆడే చెయ్యి ఎత్తి కిటికీ వైపు చూపిస్తాడు. 'పాపం, ఆయనకీ కనబడుతోంది' అంటుంది నర్సు. ఆయన్ని తీసుకుపోవడానికే ఆ ఆకారం వస్తోందని ఆమెకి నమ్మకం కుదురుతుంది. ఇక కాపాడటం మొదలుపెడుతుంది. ఒక్కొక్క కిటికీ మూసి గడియ పెడుతుంది. సందుల్లో గుడ్డలు కుక్కుతుంది. ఆఖరి కిటికీ మూసిన సాయంత్రం ముసలాయన ఆమె చేతుల్లోనే పోతాడు. 'నేను ఆయన్ని కాపాడాను' అన్న మాటతో కథ అయిపోతుంది.

ఈ పాఠం వచ్చిందంటే మాస్టారికి పండగే. మొదటి రోజు కథ చదివి, దెయ్యం ఉందన్న వాళ్ళు చేతులెత్తండి అనేవారు. అన్ని చేతులూ లేచేవి. మర్నాడు మళ్ళీ చదివేవారు, ఈసారి నెమ్మదిగా. "నేను అబద్ధమాడే మనిషిని కాను అని ఈవిడ ఇన్నిసార్లు ఎందుకంటోందిరా? మనమేమైనా అడిగామా?" అనేవారు. సగం చేతులు దిగేవి. ఆ మర్నాడు, "మరి ఆ కుర్చీ మీద ముడతలు ఎలా వచ్చాయంటారు?" అనేవారు. అప్పుడు పిల్లల చేతులు పైకీ లేవక, కిందకీ దిగక, భుజాల దగ్గర ఆగిపోయేవి. ఆ చేతుల్ని చూస్తూ నిలబడితే ఆయనకి కడుపు నిండిపోయేది. దాని కోసమే బతుకుతున్నానని ఆయన అనుకునేవారు, పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఇలా పిల్లల చేతులు ఎటూ కాకుండా పెరుగుతున్న కాలంలో విద్యామండలి వారికి మెలకువ వచ్చింది. జవాబు పత్రాలు మనుషులు దిద్దితే తప్పులు దొర్లుతున్నాయి, ఇకపై మిషనే దిద్దుతుందని ప్రకటించారు. పిల్లవాడు రాయాల్సిన పని లేదు. సరైన జవాబు పక్కనున్న గుండ్రాన్ని పెన్సిల్‌తో నల్లగా దిద్దితే చాలు. ఆలోచించే శ్రమ నుంచి బాల్యాన్ని విముక్తం చేసిన ఈ సంస్కరణను మేధావులు ఎంతగానో మెచ్చుకున్నారు. ఆ ప్రశ్నపత్రంలో 'మూసిన కిటికీలు' మీద ఒకే ప్రశ్న ఇచ్చారు. కథలో దెయ్యం: అ) ఉంది, ఆ) లేదు.

సరైన జవాబేదో చెప్పమని మండలి అధికారి మాస్టారికి ఫోను చేశాడు.

"రెండూనండీ," అన్నారు మాస్టారు.

"రెండూ దిద్దితే మిషన్ ఆగిపోతుంది మాస్టారూ."

"అయితే రెండూ వదిలెయ్యమనండి."

"వదిలేస్తే పిల్లాడికి రాలేదనుకుంటుంది."

"మరి ఎటూ తేలక ఆలోచిస్తున్న పిల్లాడు ఏం చెయ్యాలండీ?"

"అలాంటివాడు పరీక్షకి రాకూడదండీ," అన్నాడు అధికారి, ఎంతో ఓర్పుగా. తర్వాత ఆయనే చొరవ తీసుకుని 'ఉంది' అని నిర్ణయించాడు. ఎందుకు నిర్ణయించారని తర్వాత విచారణలో అడిగితే, అదే ముందుందండీ అని వినయంగా మనవి చేసుకున్నాడు. దెయ్యం అస్తిత్వానికి ఇంతకన్నా గట్టి రుజువు అప్పటిదాకా ఎవరూ చూపలేదు.

ఫలితాలు వచ్చాక గొడవ రేగింది. ఊళ్ళో ర్యాంకుల కోచింగు నడిపే ఒక పెద్దమనిషి ఉన్నాడు. అందరూ ఆయన్ని ర్యాంకుల రారాజు అంటారు. ఆయన తన దగ్గర చేరిన పిల్లలందరికీ 'లేదు' అని బట్టీ పట్టించాడు. ఒక్క గుండ్రం తేడాలో ర్యాంకులు తారుమారయ్యాయి. ఆయన ఊరుకుంటాడా? మా పిల్లలకు అన్యాయం జరిగింది, దెయ్యం లేదు, ఉండబోదు, ఉండనివ్వం అని గోడలన్నిటి మీదా రాయించాడు. అవతలి కోచింగు వాళ్ళు దెయ్యం మా జన్మహక్కు అని ఊరేగింపు తీశారు. చూస్తుండగానే ఊరు రెండుగా చీలింది. ఉంది వర్గం ఒక టీ కొట్టులో కూర్చుంటే లేదు వర్గం ఎదురు కొట్టులో కూర్చునేది. ఒకే మంచం మీద పడుకునే మొగుడూ పెళ్ళాలు మధ్యలో దిండు పెట్టుకున్నారు. పత్రికలు ప్రముఖుల అభిప్రాయాలు సేకరించి వేశాయి. కథ చదివితే అభిప్రాయం చెడిపోతుందేమోనని ప్రముఖులెవరూ దాని జోలికి పోలేదు.

అప్పుడు మండలి వారు నిజనిర్ధారణ సంఘం వేశారు. విశ్రాంత న్యాయమూర్తిగారు అధ్యక్షులు. ఒక ఇంజనీరు, ఒక మానసిక వైద్యుడు సభ్యులు. ముగ్గురూ తమ తమ రంగాల్లో ఎన్నడూ సందేహం అన్నది ఎరగని వాళ్ళు.

సంఘం మొట్టమొదట నర్సుకు సమను పంపింది. నర్సు చిరునామా తెలియక పుస్తకం అచ్చేసిన వాళ్ళ చిరునామాకి పంపింది. నర్సు రాలేదు. మళ్ళీ పంపింది. అప్పటికీ రాలేదు. సహకరించని సాక్షిగా ఆమెను ప్రకటించి, గైర్హాజరులోనే విచారణ సాగించారు. వంటమనిషి పరారీలో ఉన్నట్టు నమోదు చేశారు. దెయ్యానికి కూడా తన వాదన వినిపించుకునే హక్కు ఉంది కాబట్టి, నిర్ణీత గడువులోగా హాజరు కావలసిందిగా పత్రికలో ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటనకు స్పందించి కొందరు వచ్చారు గానీ, విచారిస్తే బతికున్నవాళ్ళేనని తేలింది.

తరవాత స్థల పరిశీలన. కథలోని ఇల్లు ఎక్కడుందో కథలో చెప్పలేదు. ఇది రచయిత అశ్రద్ధ అని సంఘం తీవ్రంగా ఆక్షేపించింది. అయినా పని ఆగకూడదని, గది కొలతలు కాస్త దగ్గరగా ఉన్నాయంటూ ఒక దర్జీ ఇంటిని కథలోని ఇల్లుగా భావించి పరిశీలన జరిపారు. ఇంజనీరు కుర్చీ మీద తాను కూర్చుని ఒకసారి, లేచి ఒకసారి ముడతలు కొలిచాడు. పొద్దు వాలే వేళకు ఒక స్త్రీ ఆకారం గుమ్మంలో ప్రత్యక్షమై, 'ఎవరయ్యా మీరంతా, నా ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నారు?' అని అరిచినట్టు నివేదికలో ఉంది. ఆమె దర్జీ భార్య అన్న సంగతి మాత్రం లేదు. అది విచారణ పరిధిలోకి రాదన్నారు.

మానసిక వైద్యుడు నర్సును చూడకుండానే పరీక్షించాడు. నేను నిజమే చెబుతున్నాను అని ఆమె మాటిమాటికీ అనడం నిజాయితీకి లక్షణమని తేల్చాడు. న్యాయమూర్తిగారు మరో అడుగు ముందుకు వేశారు. నిజం చెబుతున్నానని ఒట్టేసిన సాక్షిని నమ్మకపోతే దేశంలో న్యాయస్థానాలన్నీ మూసుకోవాల్సి వస్తుందని అన్నారు. అక్కడున్న వకీళ్ళందరూ ఆ మాటకు కళ్ళు దించుకున్నారు, గౌరవంతోనే అయి ఉంటుంది.

ఆఖరికి మాస్టారిని పిలిచారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, వాచకం చంకలో పెట్టుకుని వెళ్ళారు.

"దెయ్యం ఉందా, లేదా?" అన్నారు న్యాయమూర్తిగారు.

"ఉందని నర్సు అంటోందండీ."

"మేమడిగింది మిమ్మల్ని."

"ఆవిడ మాట తప్ప నా దగ్గర కూడా ఇంకేమీ లేదండీ. ఆవిడ కళ్ళతో చూస్తే ఉంది. ఆవిణ్ణి చూస్తే లేదేమో అనిపిస్తుంది."

"అంటే నర్సు అబద్ధాలకోరా?"

"అబద్ధమని ఆవిడకే తెలియకపోవచ్చు కదండీ."

న్యాయమూర్తిగారు కలం కింద పెట్టారు. "చూడండి మాస్టారూ. నేను ఎంతోమందికి శిక్షలు వేశాను. ఒక్కసారి కూడా ఏమో అనుకోలేదు. అనుకుని ఉంటే నాకు నిద్ర పట్టేదా?"

"ఏమోనండీ," అన్నారు మాస్టారు, అలవాటు కొద్దీ.

ఆ ఒక్క మాటతో ఆయన కొంప మునిగింది. సంఘం నివేదిక వారం తిరక్కుండానే వచ్చేసింది. ఇప్పటికే ర్యాంకులు ప్రకటించాం, పత్రాలు పంచాం, వెనక్కి తీసుకుంటే మండలి పరువు పోతుంది. కనుక పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా దెయ్యం ఉంది. లేదని రాసిన పిల్లల మనోభావాలు దెబ్బతినకుండా వాళ్ళకి కూడా మార్కు కలుపుతారు. దాంతో ర్యాంకుల రారాజు కూడా చల్లబడ్డాడు, లేదు అనే పాతికేళ్ళ పోరాటాన్ని ఆ సాయంత్రమే విరమించాడు. పోరాటం మొదలై పట్టుమని ఒక నెల కాలేదని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మిగిలింది మాస్టారి సంగతి. పిల్లల లేత మనసుల్లో సందేహాలు నాటిన నేరానికి ఆయన మీద కఠిన చర్య తీసుకోవాల్సిందే గానీ, వయసును బట్టి దయ చూపించారు. రాబోయే బహిరంగ సభలో వేదిక ఎక్కి, దెయ్యం ఉందని నోరారా ఒక్కసారి అనాలి. ఇకపై తరగతి గదిలో ఏమో, కావచ్చు, అనుకుంటా లాంటి మాటలు వాడనని అందరి ముందూ మాటివ్వాలి. ఇస్తే పాఠం ఆయనకే ఉంటుంది. ఇవ్వకపోతే ఆయన తరగతి గది మొహం చూడనక్కర్లేదు, విరిగిన బల్లలూ కుర్చీలూ పడేసే గదికి పర్యవేక్షకుడిగా వేస్తారు. హెడ్మాస్టరు ఈ సంగతి చెబుతూ మాస్టారి కళ్ళలోకి చూడలేక గోడ గడియారం కేసి చూశాడు.

ఇంటికి వచ్చి మంచం మీద కూలబడ్డారు. ఆయన భార్య మంచినీళ్ళు ఇచ్చి, సంగతంతా విని, తేలిగ్గా ఒక నిట్టూర్పు విడిచింది.

"ఇంతేనా? ఉందని అనెయ్యండి. మీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"అనలేనే. అబద్ధమవుతుంది."

"అయితే లేదనండి."

"అదీ అబద్ధమే."

"ఏం మనిషండీ మీరు! ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకునేంత గొప్ప కథా అది? ఏదీ, ఇటివ్వండి, ఏముందో నేనూ చూస్తాను." ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ కథ చదవలేదు. చదివే తీరిక ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ళ తరబడి సేవ చేసింది ఆవిడే.

ఆ మధ్యాహ్నం ఆవిడ పెరటి గుమ్మంలో కూర్చుని, మొగుడి కళ్ళజోడే పెట్టుకుని, పెదాలు కదుపుతూ కథ చదివింది. కళ్ళజోడు లేని మాస్టారు కొంచెం దూరంలో పీట మీద కూర్చుని, పరీక్ష ఫలితాల కోసం చూసే కుర్రాడి మల్లే ఆవిడ మొహం కేసి చూస్తూ ఉన్నారు. ఉందంటుందా? లేదంటుందా? చదవడం పూర్తయింది. ఆవిడ పుస్తకం మూసింది.

"పాపం ముసలాయన," అంది చివరికి.

"దెయ్యం సంగతి చెప్పవే!"

"దెయ్యం ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆయన రోజూ కిటికీ వైపు చెయ్యి చూపిస్తుంటే ఒక్కళ్ళకీ అర్థం కాలేదేంటండీ? గాలి అడుగుతున్నాడు కదా!"

మాస్టారు పీట మీంచి ముందుకి వంగారు.

"మీ అమ్మ అచ్చం ఇలాగే చూపించేది. మాట పోయాక ఆవిడకి ఆ చెయ్యే కదా దిక్కు. నేను లేచి తలుపు బార్లా తెరిచేదాన్ని. అత్తయ్య మొహం ఎంత తేటపడేదో. ఈ నర్సమ్మ చూడండి, ఆయన చెయ్యెత్తిన కొద్దీ ఇంకో కిటికీ మూసేసింది. పైగా కాపాడానంటుంది. అందరూ కుర్చీ కేసి చూస్తారేగానీ మంచం కేసి చూడరేం?" పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, కోపంగా లోపలికి వెళ్ళిపోయింది.

ఏమో అనబోయారు మాస్టారు. నోట రాలేదు. తరగతి తరవాత తరగతికి, ముసలాయనకి ఏం కనబడిందంటారు అని తాను సరదాగా అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆయనకి ఏం కావాలంటారు అని ఒక్కసారైనా అడగలేదు. గాల్లో ఆగిన ఆ చిన్న చిన్న చేతుల్ని చూసి తాను మురిసిపోతుంటే, కథలో ఒక ముసలి చెయ్యి ఇన్నేళ్ళుగా అలా ఎత్తే ఉండిపోయింది. ఆయనకి సిగ్గేసింది.

సభ మహా వైభవంగా జరిగింది. ఉంది వర్గం, లేదు వర్గం పక్కపక్కనే కూర్చుని ఒకరికొకరు విసనకర్రలు అందించుకున్నారు. న్యాయమూర్తిగారు అధ్యక్షోపన్యాసం చేశారు.

"సోదర సోదరీమణులారా! సందేహం అన్నది చెదపురుగు లాంటిది. ఒక కథలో పట్టిన పురుగు మరో కథకి పాకుతుంది. రేపు మీ పిల్లవాడు ఇంట్లో మీరు చెప్పే మాటను కూడా, ఇది నాన్న చెబుతున్న మాటే కదా, నిజమో కాదో అనుకోవచ్చు. ఎల్లుండి మేమిచ్చిన తీర్పులను కూడా అలాగే అనుకోవచ్చు. అప్పుడు ఈ సమాజం ఏమైపోవాలి? చెప్పేవాడు చెప్పాలి, వినేవాడు వినాలి, మధ్యలో దెయ్యం ఉంటే ఉండాలి!"

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అవి ఆగాక మాస్టారిని పిలిచారు. ముందు వరసలో ఆయన భార్య ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. మాస్టారు మైకు దగ్గరికి వచ్చి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. తల మాత్రం పక్కకి వాల్చలేదు.

"దెయ్యం విషయం నాకు తెలియదండీ. మీరు ఉందంటే ఉందనుకుంటాను, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక సంగతి మాత్రం నాకు ఖాయంగా తెలుసు, ఏమో లేకుండా తెలుసు. ఆ ముసలాయన ఊపిరాడక పోయాడు. గాలి కావాలని రోజూ అడిగాడు. దెయ్యం ఉన్నా, లేకపోయినా, కిటికీలు మూసింది మాత్రం నర్సే. మంచికే మూసింది. ఆవిడ మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఆయన మాత్రం పోయాడు. ఇన్నేళ్ళు పాఠం చెప్పి ఈ ముక్క పిల్లలకి చెప్పలేదు. నాదే తప్పు."

జీవితంలో మొదటిసారి ఆయన సందేహం లేకుండా మాట్లాడితే, ఆయన్ని సందేహం లేకుండా మాట్లాడమన్నవాళ్ళే తెల్లమొహాలు వేశారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేదు కూడా. ఎందుకంటే, మీ మంచికే అంటూ ఇంట్లోనో, ఆఫీసులోనో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి మూసేసి వచ్చినవాళ్ళే అక్కడ ఎక్కువమంది. కొందరికి ఉన్నట్టుండి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. ఒకాయన పక్కవాణ్ణి, "అయితే ఇంతకీ దెయ్యం ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ర్యాంకుల రారాజు లేచి నిలబడి, "ఇది సిలబస్‌లో లేదు!" అని గర్జించాడు. అవతలి కోచింగు వాళ్ళు కూడా లేచి, "లేదు, లేదు!" అని వంత పాడారు. ఇరు వర్గాలూ ఒక్క తాటి మీదకు వచ్చిన ఆ చారిత్రక ఘట్టాన్ని పత్రికల వాళ్ళు ఫొటోలు తీశారు. న్యాయమూర్తిగారు మైకు లాక్కుని, మాస్టారు ఇచ్చిన జవాబు 'అ' లోనూ లేదు, 'ఆ' లోనూ లేదు కాబట్టి అది జవాబే కాదని రూలింగు ఇచ్చారు. ముసలాయన సంగతి మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదని, ఫిర్యాదు లేనిదే విచారణ ఉండదని కూడా స్పష్టం చేశారు.

మాస్టారు ఇప్పుడు విరిగిన కుర్చీల గదిలో ఉన్నారు. ఆ గదికి పాఠం ఉండదు, గంట ఉండదు, పిల్లలు రారు. పక్క తరగతిలో కొత్త పంతులు ఆయన పాఠం చెబుతుంటే గోడ అవతల నుంచి వినబడుతుంది. మొదట్లో ఆయనకి అది వినలేక ఏడుపొచ్చేది. ఇంటికి వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే భార్య పక్కన చేరి, "పోనిద్దురూ. ఎన్నాళ్ళకి ఒక్క మాట తిన్నగా అన్నారు. నేను విన్నాను కదా," అనేది. ఆ మాట ఆయనకి కొంత బలం. కానీ తరగతి తరగతే. దాని లోటు తీరేది కాదు.

మండలి వారు మాత్రం మాస్టారి విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేదు. వారిది విశాల హృదయం. ముసలాయనకు న్యాయం చెయ్యాలనే సదుద్దేశంతో, ఆ మరుసటి పరీక్షలో ఆయన మీద కూడా ఒక ప్రశ్న ఇచ్చారు. ముసలాయన చివరి రోజులు ఎలా గడిచాయి? అ) ప్రశాంతంగా, ఆ) మిక్కిలి ప్రశాంతంగా. రెండింటిలో ఏది దిద్దినా మార్కు ఇస్తామని ముందే ప్రకటించారు. పిల్లలకి ఇంతకన్నా ఎవరు మేలు చేస్తారు?

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. ఎక్కడో కొందరు పిల్లలు మాత్రం ఆ ప్రశ్న దగ్గర ఆగి, రెండు గుండ్రాలనూ చాలాసేపు చూసి, ఏదీ దిద్దకుండా పెన్సిల్ కింద పెట్టేశారట. మిషన్ వాళ్ళ కాగితాల్ని వెనక్కి తోసేసింది. అయినా భయపడాల్సింది లేదు. వాళ్ళని దిద్దుకోవడానికి వాళ్ళకి తల్లిదండ్రులుగా మనం ఉన్నాం. ఇంటికి రాగానే దగ్గర కూర్చోబెట్టుకుని, చేత పెన్సిల్ పట్టించి, వాళ్ళ మంచికేనని చెప్పి దిద్దించేశాం.